ఎలుకల మందు మీద ‘గిఫ్ట్’!

ప్రశ్న: మా అమ్మాయి జర్మనీలో చదువుతోంది. అక్కడ ఎలుకల మందు డబ్బా మీద ‘రాటెన్‌గిఫ్ట్’ అని ఉందని ఫొటో పంపింది. ఎలుకలకు కానుకా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: కానుక కాదమ్మా, విషమే! జర్మన్‌లో ‘రాటెన్’ అంటే ఎలుకలు, ‘గిఫ్ట్’ అంటే విషం. ఇంగ్లీషు గిఫ్ట్‌కు ఇది తోబుట్టువే. రెండూ ‘ఇవ్వడం’ అనే పాత జెర్మానిక్ ధాతువు నుంచి వచ్చినవే. మనం రోజూ వాడే ‘డోసు’కు కూడా గ్రీకులో అర్థం ‘ఇవ్వడం’. వైద్యుడు ఇచ్చే ఆ మోతాదును జర్మన్లు తమ మాటలో ‘గిఫ్ట్’ అన్నారు. ఇచ్చేది మందయినా విషమయినా అదే పేరు. చివరికి విషమే మిగిలింది. పాత అర్థం మాత్రం ‘మిట్‌గిఫ్ట్’లో దాక్కుంది. అంటే కట్నం!

స్వీడిష్‌లో మరీ చోద్యం. ‘గిఫ్ట్’ అంటే విషం, ‘పెళ్లయిన’ అని కూడా. పిల్లనివ్వడం మనకూ ఇవ్వడమే కదా. దీనిపై హాస్యాలు నాకు చెప్పకండి, మా ఆవిడ ఈ శీర్షిక చదువుతుంది.

అయినా జర్మన్లను చూసి నవ్వడమెందుకు? జ్వరానికి మందు, పురుగులకు మందు, సీసాలోనూ మందు. మనవాళ్లు ఒక్క మాటతోనే నెట్టుకొస్తున్నారు.