తెర వెనుక పేర్లు: పాత చిత్రాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. ఈ మధ్య 1932 ఫిబ్రవరి 6 అంటున్నారు. ఏది సరైనది?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: 1932 ఫిబ్రవరి 6 సరైనది. పాత తేదీ దశాబ్దాల పాటు ఒక పుస్తకం నుంచి మరొక పుస్తకానికి, ఒక ప్రత్యేక సంచిక నుంచి మరొక ప్రత్యేక సంచికకు పరిశీలన లేకుండా ప్రవహించింది. పాత్రికేయుడు, పరిశోధకుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలనూ ప్రభుత్వ పత్రాలనూ వెదికి, ఈ చిత్రానికి బొంబాయిలో 1932 జనవరి 22న సెన్సార్ ధ్రువపత్రం లభించిందనీ, ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటర్లో తొలి ప్రదర్శన జరిగిందనీ నిరూపించారు. సెన్సార్ పూర్తికాని చిత్రం అంతకు నాలుగు నెలల ముందే విడుదలయ్యే అవకాశం లేదు కనుక, పాత తేదీని నిలబెట్టడానికి ఇక ఆధారం మిగలలేదు.

ఈ సవరణ వల్ల మన సినిమా వయసు కొన్ని నెలలు తగ్గిందని బాధపడేవారు ఉన్నారు. నాకైతే ఆ చిత్రంలో పనిచేసినవారి పట్ల మనం ఆలస్యంగానైనా చూపిన గౌరవంగా అనిపిస్తుంది. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి గారు, లీలావతిగా నటించిన సురభి కమలాబాయి గారు, హిరణ్యకశిపుడుగా నటించిన మునిపల్లె సుబ్బయ్య గారు, పాటలు రాసిన చందాల కేశవదాసు గారు, వీరంతా నాటకరంగపు అలవాట్లతో మైక్రోఫోను ముందు నిలబడి, చూసి నేర్చుకోవడానికి ఒక్క తెలుగు నమూనా కూడా లేని రోజుల్లో ఈ పని చేశారు. చండామార్కుల శిష్యులలో ఒక మొద్దబ్బాయిగా కనిపించిన యువకుడే తరువాతి కాలంలో దర్శకుడు, నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారు. తొలి హిందీ టాకీ ‘ఆలం ఆరా’లోనూ, తొలి తమిళ టాకీ ‘కాళిదాస్’లోనూ కూడా ఆయన చిన్న వేషాలు వేశారు. ‘కాళిదాస్’కు కూడా హెచ్.ఎం. రెడ్డి గారే దర్శకులు. 1931 అక్టోబర్ 31న విడుదలైన ఆ చిత్రంలో తెలుగు సంభాషణలు కూడా వినిపించాయి. తెలుగు మాట తెర మీద ఎప్పుడు మొదలైందన్న చర్చలో దాన్ని కూడా గుర్తు చేసుకోవడం న్యాయం.

ప్రశ్న: ‘మాయాబజార్’ టైటిళ్లలో సంగీత దర్శకుడుగా ఘంటసాల గారి పేరే ఉంది. కానీ ‘లాహిరి లాహిరి’ బాణీ సాలూరి రాజేశ్వరరావు గారిదని మా నాన్నగారు గట్టిగా చెప్పేవారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ నాన్నగారి మాటా నిజమే, టైటిలూ తప్పు కాదు. ఈ చిత్రానికి మొదట సంగీతం చేపట్టినవారు రాజేశ్వరరావు గారు. ‘లాహిరి లాహిరి’, ‘నీవేనా నను తలచినది’, ‘చూపులు కలసిన శుభవేళ’ వంటి కొన్ని పాటలకు బాణీలు కట్టిన తరువాత ఆయన ఈ చిత్రం నుంచి తప్పుకున్నారు. ఆ బాణీలను మార్చకుండా స్వీకరించి, వాటికి వాద్య సమ్మేళనం కూర్చి, రికార్డు చేయించి, మిగిలిన పాటలనూ నేపథ్య సంగీతాన్నీ తానే సమకూర్చి చిత్రాన్ని పూర్తి చేసినవారు ఘంటసాల గారు. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన ‘మిస్సమ్మ’ పాటలను ఒకసారి విని, వెంటనే ‘నీవేనా’ వినండి. పల్లవి సాగే తీరులోనే సాలూరి వారి సంతకం తెలిసిపోతుంది. అలాగే మాధవపెద్ది సత్యం గారి గొంతులో ‘వివాహ భోజనంబు’ వింటున్నప్పుడు, సన్నివేశంలోని హాస్యాన్ని సంగీతం ఎక్కడా మించిపోకుండా వెన్నంటి నడవడంలో ఘంటసాల గారి సంయమనం వినిపిస్తుంది. మరొకరు కట్టిన బాణీకి తన అహాన్ని అడ్డు రానివ్వకుండా, దాని అందాన్ని కాపాడి లోకానికి అందించడం కూడా పెద్ద విద్వాంసుడి లక్షణమే. అందువల్ల ఆ పాటల గురించి చెప్పేటప్పుడు రెండు పేర్లూ కలిపి చెప్పాలని నా అభ్యర్థన.

ప్రశ్న: అదే చిత్రం 2010లో రంగుల్లో వచ్చింది కదా. మా పిల్లలు రంగుల ప్రతినే చూస్తామంటున్నారు. మీ అభిప్రాయం ఏమిటి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పిల్లలను రంగుల ప్రతితో మొదలుపెట్టనివ్వండి, దానివల్ల ఒక కొత్త తరం ఘటోత్కచుణ్ణి థియేటర్లో చూసింది. అయితే రెండోసారి మాత్రం 1957 నాటి నలుపు తెలుపు ప్రతిని చూపించమని కోరుతున్నాను. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెలుగునీడలను నలుపు తెలుపులలోనే ఊహించి దీపాలు అమర్చారు. నౌకావిహారంలో నీటి మీద వెన్నెల తళతళలాడటం, ముఖాల మీద పడీపడనట్టు పడిన కాంతి, వెనుక చీకటి పొరలు పొరలుగా విడిపోవడం, ఇవన్నీ బూడిద రంగులోని అనేక ఛాయల మీద ఆధారపడిన అందాలు. నీలం రంగు పులిమినప్పుడు ఆ ఛాయలలో చాలా భాగం అణగిపోతుంది. మాధవపెద్ది గోఖలే, కళాధర్ గార్ల కళాదర్శకత్వంలో నిర్మించిన సెట్ల లోతు కూడా ఆ వెలుగులోనే స్పష్టంగా తెలుస్తుంది.

పిల్లలతో చూసేటప్పుడు మరొక సంగతి అడగండి: ఈ భారత కథలో పాండవులు ఎక్కడున్నారు? వారు తెర మీద కనిపించరు. శశిరేఖ కూడా వ్యాసభారతంలో లేదు, జానపద కథల నుంచీ నాటకాల నుంచీ వచ్చిన పాత్ర. పాండవుల కష్టాన్ని అంతటినీ వారు లేకుండానే చెప్పగలిగిన దర్శకుడు కె.వి. రెడ్డి గారి, రచయిత పింగళి నాగేంద్రరావు గారి కథన నైపుణ్యం ఎంత చెప్పినా తక్కువే. ఆ తరువాత సావిత్రి గారిని చూడమనండి. ‘అహ నా పెళ్ళియంట’ పాటలో ఆమె శశిరేఖ కాదు, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. సిగ్గుపడే పెళ్లికూతురి వంపుసొంపుల మధ్య ఉన్నట్టుండి ఎస్.వి. రంగారావు గారి ఠీవి, ఆయన కనుబొమల విరుపు మెరుస్తాయి. సుశీల గారి గొంతు మధ్యలో ఘంటసాల గారి గొంతు దూరినప్పుడు ఆమె భుజాలు ఎలా మారతాయో గమనిస్తే, ఆ నటి ఎంత సూక్ష్మంగా ఆలోచించారో అర్థమవుతుంది.

ప్రశ్న: ‘మిస్సమ్మ’లో మొదట భానుమతి గారు నటించారన్నది నిజమేనా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: నిజమే. కొంత చిత్రీకరణ జరిగిన తరువాత ఆమె తప్పుకోవలసి వచ్చింది. రెండో కథానాయికగా అనుకున్న సావిత్రి గారు మేరీ పాత్రకు మారగా, ఆ రెండో పాత్ర జమున గారికి దక్కింది.

ప్రశ్న: ‘పాతాళభైరవి’, ‘మల్లీశ్వరి’ రెండూ 1951లోనే వచ్చాయి. రెండింటిలోనూ ఎన్.టి. రామారావు గారే నాయకుడు. ఏది గొప్పదని మా మిత్రుల మధ్య ఏళ్ల తరబడి వాదం నడుస్తోంది. మీరు తీర్పు చెప్పండి.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: తీర్పు కోరారు కాబట్టి దాటవేయను: నా ఓటు ‘మల్లీశ్వరి’కి.

‘పాతాళభైరవి’ కథాకథనంలో నేటికీ పాఠ్యగ్రంథం వంటిది. కాశీమజిలీ కథల నుంచి అందిన బీజాన్ని కె.వి. రెడ్డి గారు ఒక్క అనవసరమైన సన్నివేశం లేకుండా పెంచారు. నేపాళ మాంత్రికుడుగా రంగారావు గారు నటించిన తీరు నాయకుడు తోటరాముణ్ణి కూడా మరిపిస్తుంది. 1952లో బొంబాయిలో జరిగిన మొదటి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రం ప్రదర్శితమైంది. మీ మిత్రులు దీని పక్షం వహిస్తే వారిని తప్పుపట్టలేను.

అయినా ‘మల్లీశ్వరి’ చూస్తున్నప్పుడు కలిగే అనుభూతి వేరు. బి.ఎన్. రెడ్డి గారు ఈ కథను తొందరపడకుండా చెప్పారు. శిల్పి నాగరాజు, అతని మరదలు మల్లి, వారి మధ్యకు వచ్చిన రాణివాసపు పల్లకీ: కథ ఇంతే. ఇందులో దుర్మార్గుడంటూ ఎవరూ లేరు. తల్లి ఆశ, నాగరాజు నోట పరిహాసంగా వెలువడిన కోరిక, రాజుగారి ఔదార్యం, ఈ మూడూ కలిసి ఇద్దరు ప్రేమికులను విడదీస్తాయి. మంచి ఉద్దేశాల నుంచే దుఃఖం పుట్టే కథను నిలబెట్టడం చాలా కష్టం. సినిమాకు తొలిసారి కలం పట్టిన దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు మాటలనూ పాటలనూ ఒకే ఊపిరితో రాసినందువల్ల, పాట ఎక్కడ మొదలైందో గమనించకుండానే మనం అందులోకి వెళ్లిపోతాం. భానుమతి గారు తన పాటలు తానే పాడుకున్నందువల్ల పాత్రకూ గొంతుకూ మధ్య ఎడమే లేదు. రాజేశ్వరరావు గారి స్వరరచన, ఎ.కె. శేఖర్ గారి కళాదర్శకత్వం కూడా ఈ చిత్రంలో అలంకారంగా మిగలకుండా కథలో భాగమయ్యాయి. మీ వాదం తెగకపోతే, ‘మనసున మల్లెల’ పాట ఉన్న ఘట్టాన్ని అందరూ కలిసి మొదటి నుంచి చివరి వరకు మాట్లాడకుండా చూడండి.

ప్రశ్న: ‘లవకుశ’లో పిల్లలకు పాడింది ఎవరు? అది తొలి రంగుల తెలుగు చిత్రమా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: పి. లీల, పి. సుశీల గార్లు పాడారు. పూర్తి నిడివి రంగుల చిత్రాలలో తెలుగులో ఇదే మొదటిది. 1958లో మొదలైన ఈ చిత్రం డబ్బు ఇబ్బందులతో మధ్యలో ఆగిపోయి, 1963 మార్చి 29న విడుదలైంది. ప్రారంభించిన దర్శకుడు సి. పుల్లయ్య గారు, పూర్తి చేసినవారు ఆయన కుమారుడు సి.ఎస్. రావు గారు. పుల్లయ్య గారు అంతకు ముందే, 1934లో, శ్రీరంజని గారు సీతగా ఇదే కథను నలుపు తెలుపులలో తీశారు. రంగుల చిత్రాన్ని మెచ్చుకునేవారు ఆ మొదటి ‘లవకుశ’ను కూడా తలచుకోవాలి, ఎందుకంటే ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని టాకీకి వెళ్లే అలవాటును ఆంధ్రదేశంలో పెంచిన చిత్రాలలో అది ముఖ్యమైనది.