సంకీర్ణమైనది ‘వర్గం’ అవుతుందా?

సందేహం: 1996లో దేవెగౌడ నాయకత్వాన ఏర్పడిన యునైటెడ్ ఫ్రంట్ ప్రభుత్వం మీద వ్యాసం రాస్తున్నాను. ‘సంకీర్ణ మంత్రివర్గం’, ‘మిశ్రమ ప్రభుత్వం’, ‘సంకీర్ణ కూటమి ప్రభుత్వం’ అని తలా ఒక తీరుగా రాస్తున్నారు. ఏది సరైనది? – ఒక పాఠకుడు

సమాధానం: మీ సందేహం విశేషణం గురించి. నాకు మాత్రం ‘వర్గం’ దగ్గరే కలం ఆగింది. ‘అమరకోశం’ అనే సంస్కృత నిఘంటువులో సమూహవాచకాలు చెబుతూ అమరసింహుడు ‘సమైర్వర్గః’ అన్నాడు. సమానమైనవి ఒకచోట చేరితేనే వర్గం. క ఖ గ ఘ ఙ లు ఐదూ కంఠంలో పుట్టాయి కనుక కవర్గమయ్యాయి. వాటి నడుమ పెదవుల మీద పుట్టిన పకారాన్ని కూర్చోబెడితే ఆ పేరు చెల్లదు.

ఇక ఆ మంత్రులను చూడండి. ప్రధాని జనతాదళ్. ఆర్థికం తమిళ మానిల కాంగ్రెస్ నాయకుడు చిదంబరానిది. రక్షణ సమాజ్‌వాది ములాయంసింగ్‌ది, పరిశ్రమలు డీఎంకే మురసోలి మారన్‌వి, గ్రామీణాభివృద్ధి తెలుగుదేశం నుంచి వెళ్లిన మన శ్రీకాకుళం ఎర్రన్నాయుడిది. హోం శాఖ సీపీఐ నేత ఇంద్రజిత్ గుప్తాకు దక్కింది; కమ్యూనిస్టులు కేంద్రంలో మంత్రులు కావడం అదే మొదటిసారి. ఆర్థిక సంస్కరణలను నడిపే మంత్రి, వాటిని ఎదిరించే పార్టీ మంత్రి ఒకే బల్ల ముందు కూర్చున్నారు. కంఠంలో పుట్టే కంఠ్యాలు, అంగిట్లో పుట్టే తాలవ్యాలు, పెదవుల మీది ఓష్ఠ్యాలు ఒకే వరుసలోకి వచ్చాయన్నమాట. దీన్ని ‘సమైః’ అని ఎలా అనగలం?

‘సంకీర్ణం’ ఎంత చక్కని మాటో! చల్లుట అనే అర్థం గల ‘కౄ’ ధాతువు దీనికి మూలం. చెదిరితే వికీర్ణం, క్రిక్కిరిస్తే ఆకీర్ణం, వేర్వేరు చోట్లవి వచ్చి కలగలిస్తే సంకీర్ణం. ఈ ప్రభుత్వానికి ఇంతకంటె తగిన విశేషణం లేదు. ‘మిశ్రమం’ తప్పు కాదు కాని, ఎరువులకూ మందులకూ స్థిరపడిపోయింది. ‘కూటమి’ అచ్చతెలుగు, ‘ఓడు’ నుంచి ఓటమి వచ్చినట్లే ‘కూడు’ నుంచి వచ్చింది. అది పార్టీల కలయికకు పేరు. ‘సంకీర్ణ కూటమి’ అంటే కలిసినవారి కలయిక! ఒక్క క్షణం ఆలోచిస్తే రాయని మాటను రోజూ అచ్చు వేయడం బాధగా ఉంది.

మరి వర్గాన్ని ఏం చేయాలి? ‘మండలి’ సామ్యాన్ని కోరదు, చుట్టూ చేరితే చాలు. ఇంకో మేలూ ఉంది. క్యాబినెట్ హోదా లేని సహాయమంత్రులు కూడా మంత్రిమండలిలో సభ్యులే. ఆనాటి వాణిజ్య సహాయమంత్రి బోళ్ల బుల్లిరామయ్య అలాంటివారే. క్యాబినెట్‌ను, మొత్తం మంత్రులను ‘మంత్రివర్గం’ అనే ఒకే సంచిలో వేయడం మన పత్రికల అలవాటు. రాజ్యాంగం 74, 75 అధికరణాలు చెప్పేది మొత్తం మండలి గురించే. క్యాబినెట్ ప్రస్తావన 44వ సవరణతో, అత్యవసర పరిస్థితి గురించి చెప్పే 352వ అధికరణంలోకి వచ్చింది.

అయినా ‘సంకీర్ణ మంత్రివర్గం’ అపశబ్దమని కొట్టివేయడానికి నాకు ధైర్యం చాలదు. అమరసింహుడే తన అమరకోశం తృతీయకాండలో ఒక భాగానికి ‘సంకీర్ణవర్గం’ అని పేరు పెట్టాడు. తక్కిన వర్గాల్లో ఇమడని మాటలను అక్కడ చేర్చాడు. ఎక్కడా ఇమడకపోవడమే వాటి సామ్యమని ఆయన భావించాడేమో.

1996 జూన్ 1 నుంచి 1997 ఏప్రిల్ 21 దాకా, పదకొండు నెలలైనా నిండకుండా సాగిన ఆ ప్రభుత్వానికి ‘సంకీర్ణ మంత్రిమండలి’ అని రాయండి. ‘మంత్రివర్గం’ అన్నా కాదనను. ‘సంకీర్ణ కూటమి’ని మాత్రం మీ వ్యాసంలోకి రానివ్వకండి.