మగ్గం పక్కన స్టాండు వేసేముందు

అమ్ములూ,

పాటూరు వెళ్లి మగ్గం మీదున్న చీరల్ని బాగా దగ్గర్నుంచి ఫోటోలు తీస్తానన్నావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు. దాని వెనకే టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే తెల్లారకముందే రాస్తున్నా.

కెమెరా స్టాండు మీద పెట్టాక లెన్సులో స్టెబిలైజేషన్, అదే చేతి వణుకు సర్దేది, ఆపెయ్. బటన్ వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టుకో. ఇవి నీకు తెలిసినవే. తెలియనిది నేల సంగతి.

స్టూడియో పెట్టిన కొత్తలో అదే ఊళ్లో ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. పెంకుటిల్లు, గుంట మగ్గం. కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురు జరీ అంచు మీద పడుతోంది. ఎక్స్‌పోజరు అర సెకను వచ్చింది. స్టాండు ఉంది కదా అని ధీమా. ఎత్తు చాల్లేదని మధ్య రాడ్డు పూర్తిగా పైకి లాగాను. నాకోసం ఆయన పని ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. నేయని పూటకి కూలి రాదు. అయినా ఒక్క మాట అనలేదు. గోడ అవతల ఆయన కొడుకు మగ్గం మాత్రం ఆడుతూనే ఉంది, టక్, టక్ అని. ఆ చప్పుడు నాకు హాయిగా ఉండింది. దెబ్బ దెబ్బకీ మట్టినేల అదురుతోందని, ఆ అదురు రాడ్డెక్కి కెమెరా దాకా వస్తోందని తట్టలేదు.

రీలు కడిగించి చూస్తే 36 ఫోటోల్లోనూ ఒక్కో జరీపోగు రెండుగా కనిపించింది. మళ్లీ తీద్దామని పరిగెత్తితే చీర అప్పటికే షావుకారు దగ్గరికి పోయింది. ఫోటో గోడకు పెట్టుకుందామనుకున్నానయ్యా అన్నాడు పెద్దాయన. ఇప్పటికీ ఆ గొంతు వినపడుతుంది.

అందుకని, స్టాండు పక్కన నేలమీద గ్లాసుతో నీళ్లు పెట్టు. నీళ్లు వణికితే తియ్యొద్దు. పక్క మగ్గాల వాళ్లు భోజనానికి లేచేదాకా ఆగు, ఎవరి పనీ ఆపించకు. ఎవరైనా నీకోసం పని ఆపితే ఆ పూట కూలి చేతిలో పెట్టాకే ఇంటికి రా. మధ్య రాడ్డు లేపావంటే మాత్రం ఊరుకోను. కాళ్లే సాగదియ్, వాటిలో లావు ముక్కలు ముందు.

బుటా ఉన్న సైజులోనే సెన్సారు మీద పడేంత దగ్గరికి వెళ్తే, లెన్సు రంధ్రం ఎఫ్ 8కి తగ్గించినా స్పష్టంగా వచ్చే మందం ఒక్క మిల్లీమీటరే. కెమెరా వీపు బట్టకి సమాంతరంగా లేకపోతే ఒక మూల మసకబారుతుంది. అన్నిటికంటే నా భయం స్టాండు కాలు పడుగులో తగులుతుందేమోనని. తెగిన పోగులన్నీ ఆ నేతాయన కూర్చుని అతుక్కోవాలి తల్లీ.

నువ్వు కొన్న ఆ తేలిక స్టాండు వద్దు. దారిలో ఇంటికొచ్చి నా పాతది తీసుకుపో. మూడేళ్లప్పుడు దాని కాళ్ల మధ్య దూరి "ఇది నా ఇల్లు" అనేదానివి. ఒక కాలి రబ్బరు అరిగింది, నిన్న కొత్తది వేయించాను.

మీ మామయ్య