‘లోపాలేవీ లేవు’ అంటున్న యాప్‌కు చెవుల్లేవు

ప్రశ్న: మాది ఆరేళ్ల పాత పెట్రోలు కారు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్లో రెండు మూడు సెకన్లు గలగలమని శబ్దం వచ్చి ఆగిపోతోంది. ఆన్‌లైన్‌లో బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే పరికరం) కొని పెడితే యాప్‌లో ‘లోపాలేవీ లేవు’ అని పచ్చ టిక్కు వచ్చింది. మెకానిక్ మాత్రం టైమింగ్ చైన్ కిట్ మార్చాలంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? స్కానర్‌ను కార్లోనే ఉంచేయవచ్చా? – ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: కారు పేరు మారుతోంది తప్ప ఈ ప్రశ్న మాత్రం వస్తూనే ఉంది. అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

మెకానిక్ అనుమానం ఊరికే వచ్చింది కాదు. పిస్టన్లకు తగిలి ఉండే క్రాంక్ షాఫ్ట్‌ను, వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్‌తో కలిపి తిప్పేది టైమింగ్ చైన్. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ చాలా ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఆ ప్రెషర్ ఉండదు. స్టార్ట్ చేశాక మళ్లీ ప్రెషర్ అందేలోగా వదులైన చైన్, దాన్ని దారిలో ఉంచే గైడ్లకు కొట్టుకుంటుంది. అయితే ఆయిల్ మట్టం తగ్గినా, కంపెనీ చెప్పిన గ్రేడ్ కాకుండా వేరేది పోసినా, ఆయిల్ ఫిల్టర్‌లోని వాల్వు పాడై ఆయిల్ వెనక్కి జారిపోతున్నా ఇలాగే వినిపిస్తుంది. ముందు డిప్‌స్టిక్ చూడండి, మంచి ఫిల్టర్, సరైన ఆయిల్ వేయించండి. చైన్ కిట్ ఖర్చు గురించి ఆ తర్వాతే ఆలోచించండి.

ఇక స్కానర్ సంగతి. అది శబ్దం వినదు, ఇంజన్ కంప్యూటర్ దాచిపెట్టిన కోడ్లు చదువుతుంది, అంతే. ఇంజన్ బ్లాకుకు బిగించిన నాక్ సెన్సర్ ఒకటి ఉంటుంది గానీ, అది కనిపెట్టేది సిలిండర్లో ఇంధనం అదుపు తప్పి మండినప్పుడు పుట్టే కంపనాన్ని. చైన్ బాగా సాగిపోయి క్రాంక్‌కూ క్యామ్‌కూ పొంతన తప్పాక పీ0016 లాంటి కోడ్ రావచ్చు. అప్పటికే ఆలస్యమైపోతుంది. సైలెన్సర్ దగ్గరి హీట్ షీల్డ్ బోల్టు ఊడి గలగలలాడుతుంటే దానికి కోడే ఉండదు. ‘కోడ్లు నమోదు కాలేదు’ అని చెప్పాల్సిన చోట ‘మీ కారు ఆరోగ్యంగా ఉంది’ అని రాసే యాప్ వాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తోంది. ఆ ఒక్క వాక్యం చూసి జనం నెలల తరబడి అదే శబ్దంతో బండి నడిపేస్తున్నారు.

ఫోన్‌తో చేయదగ్గ మంచి పని వేరే ఉంది: రికార్డింగ్. మెసేజింగ్ యాప్‌లో వాయిస్ నోట్ పంపకండి. అది మనిషి గొంతు కోసం తయారైంది, ఇంజన్ మోతను అనవసరపు రొద అనుకుని కోసేస్తుంది. రికార్డర్ యాప్‌లో నాయిస్ రిడక్షన్ ఆపి, నాణ్యత పూర్తిగా పెంచి తీయండి. శబ్దం ఐడ్లింగ్‌లోనూ (బండి కదలకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడూ) ఉంటే ఇంకో సౌకర్యం. 900 ఆర్పీఎం (నిమిషానికి 900 చుట్లు) దగ్గర క్రాంక్ సెకనుకు 15 సార్లు తిరుగుతుంది, క్యామ్ అందులో సగం. రికార్డింగ్‌ను ఏదైనా ఆడియో ఎడిటర్‌లో తెరిచి ఒక సెకను ముక్కలో ఎన్ని మొనలు లేచాయో లెక్కపెట్టండి. ఏడెనిమిది ఉంటే వాల్వుల వైపు, 15 ఉంటే క్రాంక్ వైపు అనుమానించాలి. ఇది తీర్పు కాదు, మెకానిక్‌కు దొరికే ఆధారం మాత్రమే.

నన్ను ఎక్కువ భయపెడుతున్నది మీ చివరి ప్రశ్న. ఉంచేయకండి. ఓబీడీ సాకెట్‌లో 16 పిన్నులుంటాయి. పదహారో పిన్నుకు బ్యాటరీ కరెంటు నేరుగా వస్తుంది. కాబట్టి తాళం తీసేసినా చాలా స్కానర్లు మేలుకునే ఉంటాయి. చవక రకాల్లో బ్లూటూత్ జత చేయడానికి అడిగే రహస్య సంఖ్య (పిన్) 1234 లేదా 0000. కొన్ని వైఫై రకాలకైతే పాస్‌వర్డే లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్లో పక్క కారులో కూర్చున్నవాడు కూడా దానికి కనెక్ట్ కావచ్చు. ఆ సాకెట్ చదవడానికే కాదు, కారు లోపలి నెట్‌వర్క్‌కు ఆదేశాలు పంపడానికీ దారి. కొత్త కార్లలో మధ్యన ఆ ఆదేశాలను వడపోసే గేట్‌వే అడ్డం పెడుతున్నారు, పాత వాటిలో చాలావాటికి అదీ లేదు. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇదే సాకెట్‌కు తగిలించిన సిమ్ ఉన్న పరికరానికి ఎస్సెమ్మెస్‌లు పంపి, కారు వైపర్లు తిప్పారు, తక్కువ వేగంలో బ్రేకులు పనిచేయకుండా చేశారు. పదేళ్లు దాటినా 1234 పిన్‌తో సరుకు అమ్ముతూనే ఉన్నారంటే అది క్షమించదగ్గ నిర్లక్ష్యం కాదు.

తప్పు అమ్మేవాళ్లదే కాదు. డబ్బు కట్టాల్సిన యాప్‌ను ఎవరో గ్రూపులో పెట్టిన ఏపీకే ఫైలుగా (యాప్ స్టోర్ బయటి ఇన్‌స్టాల్ ఫైలు) దించుకుని, అదే ఫోన్‌లో బ్యాంకు యాప్ వాడేవాళ్లు నాకు రాస్తూనే ఉన్నారు. దయచేసి ఆ పని మానండి. స్కానర్ యాప్‌కు మీ కాంటాక్టులతో ఏ పనీ లేదు. ఆండ్రాయిడ్ 12 నుంచి దగ్గరి పరికరాలకు ప్రత్యేక అనుమతి వచ్చింది కనుక బ్లూటూత్ కోసమే అయితే లొకేషన్ కూడా ఇవ్వక్కర్లేదు. కోడ్లు కనబడగానే ‘క్లియర్’ నొక్కేయకండి. లోపం వచ్చిన క్షణంలో వేగం, ఆర్పీఎం, ఇంజన్ వేడి ఎంతున్నాయో దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా దాంతోపాటే చెరిగిపోతుంది. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ముందురోజు రాత్రే బండి షెడ్డులో వదిలి, పొద్దున మొదటి స్టార్ట్ మెకానిక్‌నే చేయమనండి. వేడెక్కిన ఇంజన్లో ఈ శబ్దం వినిపించదు. చైన్ కవర్ విప్పేముందు గేజ్ పెట్టి ఆయిల్ ప్రెషర్ చూడమని అడగండి. ఎప్పుడైనా నడుపుతుండగా ఎర్ర ఆయిల్ దీపం వెలిగి శబ్దం కూడా వస్తుంటే, దగ్గరే కదా అని షెడ్డు దాకా నడపొద్దు. బండి పక్కకు తీసి, వెంటనే ఇంజన్ ఆపి, టోయింగ్‌కు ఫోన్ చేయండి.