రూథర్‌ఫర్డ్ ప్రయోగాన్ని కోడ్‌లో చేస్తే కెరీర్‌కు పనికొస్తుందా?

ప్రశ్న: డిగ్రీలో ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. రూథర్‌ఫర్డ్ బంగారు రేకు ప్రయోగాన్ని (ధనావేశం ఉన్న ఆల్ఫా కణాలను పలుచని బంగారు రేకు మీదికి పంపి, అవి ఎంత కోణంలో చెదురుతాయో చూసింది) పైథాన్‌లో సిమ్యులేట్ చేయాలనుంది. అంత పాతది ఎందుకు, కొత్తదేదైనా చెయ్యమని స్నేహితులు అంటున్నారు. పరిశోధన రంగంలోకి వెళ్లడానికి ఇది ఉపయోగపడుతుందా?

జవాబు: ఉపయోగపడుతుంది, ఇదే చేయండి. జవాబు ముందే తెలిసి ఉండడమే దీని బలం. కొత్త సమస్య తీసుకుంటే తప్పు కోడ్ కూడా అందమైన గ్రాఫే గీస్తుంది, పట్టుకోవడానికి ఆధారం ఉండదు. ఇక్కడ మాత్రం ఏ కోణంలో ఎన్ని కణాలు చెదురుతాయో చెప్పే సూత్రం 1911లో రూథర్‌ఫర్డ్ ఇచ్చారు, 1913లో ఆయన సహచరులు గైగర్, మార్స్‌డెన్ కోణాలవారీగా లెక్కపెట్టి దాన్ని నిర్ధారించారు.

ముందు యూనిట్లు. మీటర్లు, కిలోగ్రాములు పెట్టుకుంటే సంఖ్యలు చూసి తప్పు గుర్తించలేరు. దూరాన్ని ఫెమ్టోమీటర్లలో (కేంద్రకాలను కొలిచే అతి చిన్న కొలమానం), శక్తిని మెగా ఎలక్ట్రాన్ వోల్టుల్లో రాయండి. ఆల్ఫా కణం, బంగారు కేంద్రకం మధ్య స్థితిశక్తి 227.5ను దూరంతో భాగిస్తే వస్తుంది (1.44 × 2 × 79; ఇందులో 2, 79 ఆ రెండింటి ప్రోటాన్ల సంఖ్యలు). ఆల్ఫా శక్తి 7.69 తీసుకుంటే, ఎదురుగా వచ్చిన కణం 29.6 ఫెమ్టోమీటర్ల దగ్గర ఆగి వెనుదిరగాలి. ఈ ఒక్క కణాన్ని సరిగ్గా నడిపించాకే మిగతా కోడ్ ముట్టుకోండి.

ఎక్కువమంది తడబడేది ఇంపాక్ట్ పారామీటర్ దగ్గర. అంటే, కణం సూటిగా పోతే కేంద్రకానికి ఎంత పక్కగా పోయేదో ఆ దూరం. దీన్ని 0 నుంచి 300 వరకు సమంగా తీస్తే ఫలితం పాడవుతుంది. బయటి వలయాల వైశాల్యం ఎక్కువ కాబట్టి అక్కడే ఎక్కువ కణాలు పడాలి. 0, 1 మధ్య యాదృచ్ఛిక సంఖ్య తీసి, దాని వర్గమూలాన్ని 300తో గుణించండి. అలా లక్ష కణాలు పంపితే 90 డిగ్రీలు దాటేవి 243 దాకా ఉంటాయి. సమంగా తీస్తే ఇరవై రెట్లు ఎక్కువ కనిపిస్తాయి! 300 అనే హద్దు వల్ల 5.6 డిగ్రీల లోపు కణాలేవీ రావు, ఆ భాగాన్ని పోలికలోంచి తీసేయండి.

కణాన్ని 1,000 ఫెమ్టోమీటర్ల దగ్గర మొదలుపెట్టకండి. అక్కడికే 0.23 స్థితిశక్తి ఉంటుంది, అంటే మొత్తంలో 3 శాతం. పక్కగా పోయే కణాల వంపులో కొంత భాగం కూడా లెక్కలోకి రాదు. 10,000 నుంచి మొదలుపెట్టి, మళ్లీ అంత దూరం పోయేదాకా నడపండి. అడుగు స్థిరంగా ఉంటే ఇది గంటలు పడుతుంది, అందుకే ఒక్కో అడుగు అప్పటి దూరంలో 1 శాతం ఉండేలా కాలాన్ని మార్చుకుంటూ పోవాలి. కణాన్ని అడుగడుగునా ముందుకు జరిపే లెక్కల్లో అన్నిటికంటే సులువైన ఆయిలర్ పద్ధతిలో శక్తి నిలవదు, శక్తిని బాగా నిలిపే వెర్లె పద్ధతి వాడండి. కణాలన్నిటినీ నంపై (పైథాన్ గణిత లైబ్రరీ) అర్రేలో ఒకేసారి కదపండి. చివర్లో శక్తి 0.1 శాతం కంటే ఎక్కువ మారిన కణాలుంటే అడుగు తగ్గించండి.

గ్రాఫ్ గీసేటప్పుడు ఒక్కో కోణపు గడిలోని లెక్కను ఆ గడి ఘనకోణంతో (ఆ కోణాల మధ్య గోళం మీద పడే భాగంతో) భాగించడం మరిచిపోతారు. భాగించి, రెండు అక్షాలూ లాగరిథమ్ కొలతలో ఉన్న లాగ్-లాగ్ గ్రాఫ్‌లో సగం కోణపు సైన్‌కు ఎదురుగా గీస్తే వాలు మైనస్ 4 రావాలి. ఎర్రర్ బార్లు తప్పనిసరి: పెద్ద కోణాల్లో కణాలు కొద్దిగానే ఉంటాయి.

తర్వాత, కేంద్రకం లేని పాత థామ్సన్ నమూనా చేర్చండి, ధన విద్యుదావేశాన్ని పరమాణువంతటా పరచి. అప్పుడు ఒక్క పరమాణువు కణాన్ని డిగ్రీలో రెండు శాతం కూడా తిప్పలేదు. ఈ రెండు గ్రాఫులు పక్కపక్కన పెడితే కేంద్రకం ఎందుకు అవసరమైందో చూసినవారికి వెంటనే అర్థమవుతుంది.

కణాలు పదార్థంలోంచి పోవడాన్ని సిమ్యులేట్ చేసే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ జియాంట్4 ఇప్పుడే వద్దు. డిటెక్టర్ల రూపకల్పనలో, రేడియేషన్ చికిత్స మోతాదుల లెక్కల్లో వాడేది అదే, నేర్చుకోవాల్సిందే. కానీ లోపల ఏం జరుగుతోందో ఒకసారి సొంతంగా రాసినవారికే దాని ఫలితాన్ని అనుమానించడం చేతనవుతుంది. ఇంటర్వ్యూలో "ఈ గ్రాఫ్ సరైనదని ఎలా తెలుసు?" అని అడుగుతారు. అందుకే గిట్‌లో కోడ్‌తో పాటు ఈ పరీక్షలన్నీ, వాడిన ర్యాండమ్ సీడ్ (అవే యాదృచ్ఛిక సంఖ్యలు మళ్లీ రావడానికి ఇచ్చే మొదటి సంఖ్య), మొదట తప్పు వచ్చిన గ్రాఫ్ కూడా ఉంచండి.