అమెరికాలో ఐపీ, ఊళ్లో కొబ్బరి తోట

సంక్రాంతికి రాజోలు దగ్గర మా ఊరు వెళ్లినప్పుడు పక్కింటి పిన్ని ఫోను పట్టుకుని వచ్చింది. వీడియోలో డల్లాస్‌లో ఉన్న వాళ్లబ్బాయి. ఉద్యోగం పోయాక క్రెడిట్ కార్డుల మీదే బతికాడు. కొత్త ఉద్యోగంలో జీతం తక్కువ. వడ్డీలతో కలిపి అప్పు యాభై ఎనిమిది వేల డాలర్లయింది. ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెడదామనుకుంటున్నాడు.

"ఐపీ పెడితే ఊళ్లో తలెత్తుకోగలమా బాబూ?" అంది పిన్ని. వాడి ప్రశ్న వేరు. "అన్నయ్యా, నా పేరున ఉన్న అరెకరం తోట ముందే అక్క పేరున రాసేస్తే?"

వద్దు తమ్ముడూ, ఆ ఒక్క పని చెయ్యొద్దు అన్నాను. అమెరికాకు కొత్తగా వచ్చిన మన పిల్లలందరికీ ఇదే చెప్తున్నాను.

మన వైపు ఐపీ అంటే చిట్టీల డబ్బుతో రాత్రికి రాత్రి తాళం వేసి పోయినవాడే గుర్తొస్తాడు. అక్కడ అది చట్టం ఇచ్చిన దారి. పిటిషన్ పడిన క్షణం నుంచి వసూలు ఫోన్లు ఆగాలి. ఐపీ పెట్టినంత మాత్రాన వీసా పోదు. కానీ ఆస్తి దాస్తే నేరం, ఐదేళ్ల దాకా జైలు.

ప్రపంచంలో ఎక్కడున్న ఆస్తయినా పిటిషన్‌లో చూపాలి, కోనసీమలో కొబ్బరి తోటయినా సరే. దివాలా కేసు చూడటానికి నియమించిన ట్రస్టీ ప్రమాణం చేయించి మరీ అడుగుతాడు. గత రెండేళ్లలో ఎవరి పేరున ఏం రాశావో చూస్తారు, రాష్ట్ర చట్టాన్ని బట్టి ఇంకా వెనక్కీ వెళ్తారు. ఏడాది లోపు బంధువులకు అప్పు తీర్చి ఉంటే ఆ డబ్బు వాళ్ల దగ్గర నుంచి వెనక్కి రాబట్టొచ్చు. మావయ్య దగ్గర నోటు రాసి తెచ్చిన నాలుగు లక్షలు ముందు తీర్చేద్దామనుకున్నాడు వీడు. అదీ ఆపమన్నాను. మావయ్య పేరు కూడా అప్పులవాళ్ల జాబితాలో ఉండాలి, ఆయనకు కోర్టు నోటీసు వస్తుంది. కాబట్టి నోటీసు కంటే ముందు నువ్వే ఫోన్ చేసి చెప్పు అన్నాను. పిన్ని భయపడే పరువు అక్కడ నిలబడుతుంది.

అక్కడి దివాలా చట్టంలోని చాప్టర్ 7 కింద చాలా అప్పులు నాలుగైదు నెలల్లో రద్దవుతాయి, కానీ మినహాయింపు దొరకని ఆస్తి అమ్ముతారు. తోట నిలవాలంటే అదే చట్టంలోని చాప్టర్ 13: మూడు నుంచి ఐదేళ్లు నెలనెలా కట్టాలి, తోట అమ్మితే అప్పులవాళ్లకు వచ్చేదానికి తగ్గకుండా.

కార్డులు కట్టడానికి 401(కె), అంటే ఉద్యోగంలో దాచుకున్న రిటైర్మెంట్ డబ్బు, తీసేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ డబ్బు మామూలుగా అప్పులవాళ్లు ముట్టుకోలేనిది. టాక్సు, పెనాల్టీ కట్టి మరీ వాళ్ల చేతిలో పెట్టడం ఎందుకు?

నాన్న హామీ సంతకం పెట్టిన ఇక్కడి బ్యాంకు చదువు లోనుకు అక్కడి కోర్టు తీర్పు అడ్డుపడదు, బ్యాంకు నాన్న మీదకే వస్తుంది. ఈ సంగతి లాయరుకు మొదటి రోజే చెప్పాలి. అప్పుల కౌన్సెలింగ్ పిటిషన్‌కు ముందు 180 రోజుల్లోపు చేసి ఉండాలి. చాప్టర్ 7 కోర్టు ఫీజు 338 డాలర్లు, లాయరు ఫీజు వేరే.

మర్నాడు పొద్దున్నే బాబాయి పాస్‌బుక్ సంచిలో పెట్టుకుని, తోట విలువ సర్టిఫికెట్ కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు బయల్దేరాడు. మావయ్యతో వాడు రాత్రే మాట్లాడాడట.