పేర్లు గుర్తుకు రావడం లేదు... అల్జీమర్సేనా?

ప్రశ్న: నా వయసు 66. టీచర్‌గా రిటైరయ్యాను. ఏడాదిగా మతిమరుపు ఎక్కువైంది. తెలిసినవాళ్ల పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. రెండుసార్లు పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోయాను. మా అమ్మ చివరి రోజుల్లో మమ్మల్నే గుర్తుపట్టలేదు. నాకూ అదే వస్తుందేమోనని టెన్షన్‌. పదేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్‌, గ్యాస్‌కు పాంటాప్రజోల్‌ వాడుతున్నాను. నిద్ర కోసం రోజూ అల్ప్రాజోలం వేసుకుంటాను. ఇంట్లోవాళ్లేమో ‘వయసైపోతే అందరికీ అంతే’ అని కొట్టిపారేస్తున్నారు. నిజంగా అందరికీ అంతేనా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అందరికీ కాదు గానీ చాలామందికి అంతే. 15 దేశాల్లో 60 ఏళ్లు దాటిన 39 వేల మందికి పైగా వివరాలను కలిపి చూసిన అధ్యయనం ఒకటి 2020లో వచ్చింది. వాళ్లంతా జ్ఞాపకశక్తి పరీక్షల్లో మామూలుగానే ఉన్నవాళ్లు. అయినా దాదాపు నలుగురిలో ఒకరు ‘నా జ్ఞాపకశక్తి మునుపటిలా లేదు’ అన్నారు. మీరు ఒంటరి కాదన్నమాట.

అయితే ఈ ‘నలుగురిలో ఒకరు’ అన్నది సగటు మాత్రమే. ఒకచోట 6 శాతం మందే అలా చెబితే, మరోచోట 53 శాతం దాకా చెప్పారు. దేశాన్ని బట్టి మెదళ్లు అంతగా మారిపోవు కదా! చాలావరకు తేడా అడిగే తీరులో ఉంది. ‘మీకు మతిమరుపు ఉందా’ అని అడిగితే లేదనేవాళ్లెవరు? నన్నడిగినా ఉందనే అంటాను. అమెరికాలో ‘గత 12 నెలల్లో తికమక గానీ మతిమరుపు గానీ పెరిగిందా’ అని 45 ఏళ్లు పైబడినవాళ్లను అడిగితే తొమ్మిది మందిలో ఒకరు అవునన్నారు. ఇంకో సంగతి, చదువు తక్కువ ఉన్నవాళ్లలో, ఆదాయం తక్కువ ఉన్న దేశాల్లో ఈ ఫిర్యాదు కాస్త ఎక్కువ.

మరి ఇలా అనిపించినవాళ్లందరికీ డిమెన్షియా, అంటే రోజువారీ పనులకే అడ్డొచ్చేంతగా జ్ఞాపకశక్తి, ఆలోచన దెబ్బతినే జబ్బు వస్తుందా? (మీరు భయపడుతున్న అల్జీమర్స్ అందులో ఒక రకం.) రాదు. మతిమరుపు పెరిగిందని చెప్పుకునే పెద్దవాళ్లలో ఏడాదికి 100 మందిలో రెండు మూడు కేసులు డిమెన్షియా వైపు వెళ్తాయి. ఆ ఫిర్యాదు లేనివాళ్లలో ఒకటి. ముప్పు రెట్టింపు అన్నది నిజమే గానీ, మిగతా 97 మందినీ లెక్కలో పెట్టుకోండి. అమ్మగారికి ఉండటం వల్ల మీ ముప్పు కొంత పెరుగుతుంది. అంతమాత్రాన మీకూ వచ్చి తీరుతుందని కాదు.

నేను మీలాంటివాళ్లను చూసేటప్పుడు ఏం మర్చిపోయారన్న దానికంటే ఎలా మర్చిపోయారో చూస్తాను. పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్లో మాట్లాడుతూ మర్చిపోవడం వేరు. మాడిన గిన్నె కళ్లెదుట ఉన్నా, పాలు పెట్టింది తానేనన్న సంగతి గుర్తురాకపోవడం వేరు. పేరు గంట తర్వాతైనా గుర్తొస్తే పెద్దగా కంగారు అక్కర్లేదు. జబ్బు ముదిరేకొద్దీ చాలామంది ‘నాకేం లేదు, బాగానే ఉన్నా’ అంటారు, ఇంట్లోవాళ్లే బలవంతంగా తీసుకొస్తారు. పొద్దున ఏం టిఫిన్‌ చేశారని అడిగితే, జవాబు కోసం పక్కనున్న మనిషి వంక తిరిగి చూస్తారు. మీరేమో ఎన్నిసార్లు, ఏమేం మర్చిపోయారో మీరే పూసగుచ్చినట్టు రాశారు.

అలాగని మీ ఇంట్లోవాళ్లలా నేనూ కొట్టిపారేయను. మీ ఉత్తరంలో నా కన్ను ఆగింది మాత్రల దగ్గర. మెట్‌ఫార్మిన్‌ ఏళ్ల తరబడి వాడితే కొందరికి బీ12 విటమిన్‌ ఒంటికి సరిగా పట్టదు. పాంటాప్రజోల్‌ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది కాబట్టి, ఆహారంలోంచి బీ12 విడిపడటమూ తగ్గుతుంది. మీరు శాకాహారులైతే లోటు ఇంకా పెరుగుతుంది. బీ12 తగ్గితే మతిమరుపుతో పాటు అరికాళ్ల తిమ్మిర్లు, నీరసం ఉండొచ్చు. ఇక అల్ప్రాజోలం. కొత్త విషయం మెదడులో నిలవనీయకుండా అడ్డుపడే గుణం దీనికి ఉంది. పెద్దవాళ్లు తూలిపడటానికీ కారణమవుతుంది.

అందుకే ముందు బీ12, థైరాయిడ్‌ పరీక్షలు చేయించుకోండి. షుగర్‌ మరీ పడిపోతోందేమో కూడా చూడాలి. మనసు దిగులుగా ఉంటున్నా, వినికిడి తగ్గినా, గురక పెట్టి నిద్రలో ఊపిరి ఆగుతున్నా డాక్టరుకు దాచకుండా చెప్పండి. సరిగా వినపడని మాట గుర్తుండదు, దాన్నే మతిమరుపు అనుకుంటాం. మెమరీ క్యాప్సూల్స్‌కు డబ్బు తగలేయకండి. వాటిలో ఎక్కువగా కనిపించే జింకో (ఒక చెట్టు ఆకుల సారం) మీద అమెరికాలో 3 వేల మందితో పరీక్షిస్తే, డిమెన్షియాను ఆపలేదని 2008లో తేలింది.

తెలిసిన దారి తప్పడం, అడిగిందే పదేపదే అడగడం, డబ్బు లెక్కల్లో ఎప్పుడూ లేని పొరపాట్లు చేయడం... ఇవి మీ ఇంట్లోవాళ్లకు కనిపిస్తే న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లండి. వెళ్లేటప్పుడు వాళ్లలో ఒకర్ని వెంట తీసుకెళ్లండి, వాడుతున్న మాత్రల అట్టలన్నీ పట్టుకెళ్లండి.

ఇది చదివి అల్ప్రాజోలం మాత్రం ఇవాళే ఆపేయకండి. ఉన్నట్టుండి మానేస్తే నిద్ర బాగా దెబ్బతినొచ్చు, ఫిట్స్‌ కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు కొన్ని వారాల మీద కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి.